వారంటీ దాటిన నెలకే ఫ్రిజ్ మూడోసారి చల్లబడటం మానేసింది. డబ్బు కట్టాల్సిందేనా?

సుధ_అంబర్‌పేట

అందరికీ నమస్కారం. ఆబిడ్స్‌లోని ఒక షోరూంలో 340 లీటర్ల డబుల్ డోర్ ఇన్వర్టర్ ఫ్రిజ్ 38,500కి కొన్నాం. జీఎస్టీ బిల్లు నా పేరు మీదే ఉంది. ఫ్రిజ్ మొత్తానికి 1 ఏడాది, కంప్రెసర్‌కి 10 ఏళ్లు వారంటీ.

ఐదో నెలలో కింది అరల్లో చల్లదనం పోయింది. ఫ్రీజర్‌లో ఒక పక్కన మాత్రం మంచు పట్టేది. కంపెనీ టెక్నీషియన్ వచ్చి గ్యాస్ తగ్గిందని నింపి వెళ్లారు. పదో నెలలో మళ్లీ అదే, మళ్లీ గ్యాసే. ఇప్పుడు పదమూడో నెల, మూడోసారి ఆగింది. ఈసారి "లీకేజీ బాడీ లోపల ఉంది, బయటి నుంచి కొత్త పైపు వేయాలి, వారంటీ అయిపోయింది కాబట్టి 6,800 అవుతుంది" అంటున్నారు. కంప్రెసర్‌కి పదేళ్లు ఉంది కదా అంటే, కంప్రెసర్ బాగానే ఉంది, పైపుకి అది వర్తించదట. షోరూం వాళ్లని అడిగితే "అమ్మేదాకే మా బాధ్యత, తర్వాత కంపెనీతోనే చూసుకోండి" అన్నారు. బిల్లు వెనక "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంది.

6,800 కట్టడం తప్ప దారి లేదా? ఉంటే షోరూంని పట్టుకోవాలా, కంపెనీనా?

బిల్లు_భద్రం

సుధగారూ, మీ చేతిలో రెండు వేర్వేరు హక్కులున్నాయి. ఒకటి కంపెనీ తనంతట తాను రాసిచ్చిన మాట, అంటే వారంటీ కార్డు. రెండోది చట్టం ఇచ్చింది: డబ్బు తీసుకుని అమ్మిన సరుకులో లోపం ఉండకూడదు. కార్డు మీద తేదీ దాటితే మొదటిది తీరిపోతుంది. రెండోదానికి ఆ కార్డుతో పనిలేదు. సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో కనిపించేది కొన్న తేదీ ఒక్కటే కాబట్టి వాళ్లు మొదటిదాని గురించే మాట్లాడతారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10) చూడండి. చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మేవాళ్లు చెప్పుకున్న దాని ప్రకారం గానీ సరుకుకి ఉండాల్సిన నాణ్యతలో ఏ కొరత ఉన్నా అది లోపమే. ఆ ఒప్పందం పైకి రాసుకున్నదే కానక్కర్లేదు, రాయకుండా ఇమిడి ఉన్నదైనా చాలు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 కూడా, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర కొన్నప్పుడు అది వాడకానికి పనికొచ్చేదిగా ఉండాలన్న షరతును ఒప్పందంలో కలిపే చూస్తుంది.

అలాగని వారంటీ తేదీకి విలువే లేదనుకోకండి. గడువు దాటాక మొట్టమొదటిసారి లోపం బయటపడితే కేసు కష్టం. తయారీలోనే తేడా ఉందని మనమే చూపాలి. మీ సంగతి వేరు. ఐదో నెలలో మొదలైన లోపమే ఈరోజుకీ పోలేదు. వారంటీలో ఉండగా రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ వాళ్లు అసలు కారణం వదిలేసి పైపైన పని చేసి వెళ్లారు. కాబట్టి ఫోన్‌లో గానీ మెయిల్‌లో గానీ "వారంటీ దాటాక వచ్చిన సమస్య" అనే మాటకి ఒప్పుకోకండి. "ఐదో నెలలో ఇచ్చిన ఫిర్యాదు ఇంకా పరిష్కారం కాలేదు" అనే రాయండి. మీ కేసంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడుతుంది.

షోరూమా, కంపెనీనా అంటే ఇద్దరూ. డబ్బు తీసుకుని బిల్లిచ్చింది షోరూం, కాబట్టి అమ్మకం ఒప్పందం వాళ్లతో. వారంటీ మాట ఇచ్చింది కంపెనీ. బిల్లు వెనక అచ్చేసిన ఆ వాక్యానికి లోపమున్న సరుకు విషయంలో బలం లేదు. లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజుల్లో వాపసు ఇవ్వాలని ఆ సెక్షనే చెబుతుంది. రంగు నచ్చలేదనో, వంటింట్లో పట్టలేదనో వెనక్కిస్తామంటే మాత్రం వాళ్లు ఒప్పుకోనక్కర్లేదు.

రాణిగంజ్_కూలింగ్

అక్కా, ఫ్రిజ్ సంగతి నేను చెప్త. గ్యాస్ అంటే పెట్రోల్ లెక్క కాలి అయిపోయేది కాదు. సీల్ చేసిన పైపుల్ల అదే గ్యాస్ తిరుగుతనే ఉంటది. పదేండ్లయినా గ్రాము తగ్గొద్దు. తగ్గిందంటే యాడనో కారుతున్నట్టే. లీకేజీ యాడుందో దొరకవట్టకుండ గ్యాస్ కొడితే అది రిపేర్ కాదు, పంక్చర్ ఎయ్యకుండ గాలి కొట్టినట్టు.

ఇప్పుడొచ్చే ఇంటి ఫ్రిజ్‌లల్ల ఎక్కువ ఆర్600ఏ గ్యాస్ ఉంటది. ఎన్ని గ్రాములో ఫ్రిజ్ స్టిక్కర్ మీద రాసుంటది. మీ సైజుకు 50 గ్రాములకు జర అటో ఇటో. అంత తక్కువ గ్యాస్‌ల పది గ్రాములు పోయినా ఫరక్ కొడతది. కాయిల్ మొదట్ల ఒక పక్కన్నే మంచు పట్టుడు, కింది అర సల్లగాకపోవుడు, కంప్రెసర్ ఆగకుండ నడుసుడు, అన్నీ దాని గుర్తులే.

లీకేజీ రెండు తీర్లు. ఒకటి లో సైడ్ (ప్రెషర్ తక్కువుండే దిక్కు), అంటే ఫ్రీజర్ ఎనక పలక సాటున ఉండే కూలింగ్ కాయిల్, దానికి రాగి పైపు కలిసే అతుకు. ఆర్600ఏ ఫ్రిజ్ నడిచేటప్పుడు ఆ కాయిల్ల ప్రెషర్ బయటి గాలి కన్న తక్కువుంటది. అందుకే అక్కడ సన్న బొక్క పడితే నడిచేటప్పుడు గ్యాస్ బయటికి పోదు, బయటి గాలే తేమతోటి లోపలికి గుంజుకుంటది. ఫ్రిజ్ ఆగినంక మల్ల గ్యాస్ కారుతది. లోపలికి పోయిన తేమ క్యాపిలరీ అనే సన్న గొట్టం మూతికాడ గడ్డకట్టి చోక్ చేస్తది, కంప్రెసర్ ఆయిల్ ఖరాబ్ చేస్తది. ఇయాల కంప్రెసర్ మంచిగనే ఉంది అన్నోళ్లే రేపు అది పోయిందంటరు. అప్పుడు కూడ కంప్రెసర్ ఒక్కటే ఫ్రీ, గ్యాస్, డ్రయర్ (పైపుల్ల తేమ గుంజే డబ్బి), కూలీ మీ మీదనే పడతయి. కార్డుల సన్న అక్షరాలల్ల ఎక్కువ శాతం అట్లనే రాసుంటది, సదువుకోండి.

రెండోది హై సైడ్, ప్రెషర్ ఎక్కువుండే దిక్కు. తలుపు చట్రం చుట్టూ ఫోమ్‌ల పూడ్చిన ఏడి పైపు ఉంటది, మేం హాట్ లైన్ అంటం. మీకు చెప్పిన "బాడీ లోపల లీకేజీ" అదే అయితది. దాన్ని బయటికి తీసుడు కాదు. అందుకే దాన్ని అట్లనే ఇడిచిపెట్టి ఎనక కొత్త కండెన్సర్ పైపు ఏస్తమంటున్నరు. కూలింగ్ వస్తది, అబద్ధం చెప్ప. కానీ ఆ ఏడి పైపు ఉన్నదే తలుపు రబ్బరు చుట్టూ చెమట పట్టకుండ. దాన్ని బంద్ చేస్తే వానకాలంల చట్రం మీద నీళ్లు కారుతయి, రబ్బరు నల్లగ బూజు పడతది. అంటే కంపెనీ తయారుచేసిన ఫ్రిజ్ మల్ల మీకు రాదు. ఈ ముక్క రాతల పెట్టుర్రి.

సరైన టెస్ట్ ఎట్లుంటదంటే: హై సైడ్, లో సైడ్ ఏరు చేసి, ఒక్కో దాంట్ల నైట్రోజన్ నింపి గేజ్ పెట్టాలె. అతుకుల మీద సబ్బు నురగ పుయ్యాలె. ఫోమ్ లోపలి పైపుకు నురగ అందది కాబట్టి గేజ్ ముల్లు పడుతుందా లేదా కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి చూడాలె. లీకేజీ బంద్ చేసినంక డ్రయర్ కొత్తది ఎయ్యాలె, పైపుల్ల గాలి, తేమ పోయేటట్టు వ్యాక్యూమ్ గుంజాలె, గ్యాస్ తూకం మీద పెట్టి గ్రాముల్ల నింపాలె. అరగంటల వచ్చిపోయిన్రంటే ఇవేవీ చెయ్యలే అన్నట్టే. ఇంకోటి, ఆర్600ఏ మండే గ్యాస్. వంటింట్ల పొయ్యి పక్కన టార్చ్ ఎలిగించి అతుకు పెట్టనీయకుర్రి.

మౌలాలి_సాయి

అంత లెక్కలెందుకండీ, సెక్షన్ 84 ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం) కింద కంపెనీ మీద 10 లక్షలకి వేసేయండి. వాళ్లే దిగొస్తారు.

సుధ_అంబర్‌పేట

అందరికీ ధన్యవాదాలు. మూడు సంగతులు చెప్పాలి. మొదటిసారి వచ్చినప్పుడు చేసిన పని రాసిచ్చే జాబ్ షీట్ కాగితం ఇవ్వలేదు, ఓటీపీ అడిగితే చెప్పేశాను. రెండోసారి ఇచ్చిన కాగితంలో "గ్యాస్ చార్జింగ్ చేయబడింది" అని మాత్రమే ఉంది. నిన్న కస్టమర్ కేర్ వాళ్లు కొత్తగా "మీ ఏరియాలో ఓల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కావచ్చు" అన్నారు. పైగా ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఈ ఎండల్లో ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి ఉండలేం. ఈలోపు బయటి మెకానిక్‌తో చేయించుకుంటే కేసు పోతుందా?

రాణిగంజ్_కూలింగ్

ఓల్టేజీకి పైపుకు సంబంధమే లేదక్కా. ఓల్టేజీ పెరిగితే బోర్డు కాలుతది, కంప్రెసర్ వైండింగ్ పోతది. పైపుకు బొక్క పడది. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లల్ల మంచును కత్తితోటి గీకితే కాయిల్‌కు బొక్క పడతది, అది వాడినోళ్ల తప్పు. మీ ఫ్రాస్ట్ ఫ్రీల కాయిల్ పలక ఎనకుంటది, హాట్ లైన్ ఫోమ్‌ల ఉంటది. మీ చెయ్యి అందేదే కాదు, ఇంక మీ తప్పు యాడికెళ్లి వస్తది?

బిల్లు_భద్రం

ఓటీపీ గురించి ఇది చదివేవాళ్లంతా గుర్తుపెట్టుకోండి. కొన్ని చోట్ల దాన్నే హ్యాపీ కోడ్ అంటారు. అది చెప్పిన క్షణం కంపెనీ రికార్డులో "సమస్య తీరింది, కస్టమర్ సంతృప్తి" అని పడుతుంది. జాబ్ షీట్ చేతికొచ్చి, అందులో ఏముందో చదివాకే చెప్పాలి. ఫ్రిజ్ విషయంలోనైతే కనీసం ఒక రోజు చల్లదనం చూశాక ఇస్తామనండి.

జరిగిపోయిన దానికి మందు ఉంది. కంప్లయింట్ బుక్ చేసినప్పుడు, పని ముగిసినప్పుడు వచ్చిన ఎస్సెమ్మెస్‌లు ఫోన్‌లో వెతకండి, రెండు నంబర్లూ దొరుకుతాయి. తర్వాత కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, బిల్లు నంబరు, ఆ రెండు జాబ్ నంబర్లు రాసి, "ఈ సీరియల్ నంబరు మీద ఉన్న పూర్తి సర్వీస్ హిస్టరీ పంపండి" అని అడగండి. అదే మెయిల్‌లో నాలుగు ప్రశ్నలు వేయండి: లీకేజీ ఏ సైడ్‌లో ఉంది, ప్రతిసారీ ఏ పరీక్ష చేసి తేల్చారు, ఎన్ని గ్రాముల గ్యాస్ నింపారు, డ్రయర్ మార్చారా. జవాబిస్తే సాక్ష్యం. ఇవ్వకపోయినా అడిగినట్టు మీ దగ్గర ఉంటుంది. ఓల్టేజీ అన్నారు కదా, ఏ కొలత తీసి అన్నారో కూడా అడగండి. కేటలాగులో గానీ, ఫ్రిజ్ తలుపు మీద అంటించిన స్టిక్కర్‌లో గానీ "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని ఓల్టేజీ పరిధి రాసి ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, అది అమ్మేవాళ్లు చెప్పుకున్న మాట కిందికే వస్తుంది.

బయటి మెకానిక్ సంగతి: ఇప్పుడే పైపు కోయించకండి. మొదట స్పీడ్ పోస్ట్‌లో, మెయిల్‌లో 7 రోజుల గడువిచ్చి, "ఫలానా తేదీలోగా వచ్చి నా ఎదుట లీకేజీ పరీక్ష చేసి రాతపూర్వకంగా ఇవ్వండి, లేకపోతే అవసరం కొద్దీ వేరేచోట చేయించుకుని ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాను" అని రాయండి. రాకపోతే అర్హత ఉన్న టెక్నీషియన్‌తో చేయించండి. మొదలుపెట్టినప్పటి నుంచి వీడియో, గేజ్ రీడింగు ఫొటోలు, తీసేసిన పాత భాగం, జీఎస్టీ బిల్లు, అతని చేత రాయించుకున్న రిపోర్టు దాచండి. కంపెనీ వాళ్లకే 6,800 కట్టి చేయించుకుంటే రసీదు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టి ఫొటో తీసుకోండి, అదే మాట మెయిల్ కూడా చేయండి. అప్పుడు డబ్బు కట్టినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

నాంపల్లి_వకీలు

సాయిగారు చెప్పిన 84 ఇక్కడ పనికిరాదు, ఆ దారిలో వెళితే సుధగారికే నష్టం. ప్రొడక్ట్ లయబిలిటీ కింద పరిహారం రావాలంటే "హాని" జరిగి ఉండాలి. సెక్షన్ 2(22) ఆ మాటకి అర్థం చెబుతూనే, వస్తువు దానంతట అది చెడిపోవడాన్నీ, వారంటీ షరతు ఉల్లంఘన వల్ల ఆస్తికి జరిగిన నష్టాన్నీ పక్కన పెట్టేసింది. గీజరు పేలి మనిషికి గాయమైతే 84 వాడాలి. ఫ్రిజ్ చల్లబడకపోతే అది 2(10) కింద సరుకు లోపం. లీకేజీ వెతక్కుండా గ్యాస్ నింపి పంపడం 2(11) కింద సేవా లోపం. ఈ రెండూ కలిపి వేయండి. ఇంకో పొరపాటు కూడా తరచుగా చేస్తుంటారు, వారంటీ షరతులే అన్యాయమని "అనుచిత ఒప్పందం" అభ్యర్థన చేరుస్తారు. అది వినే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. మీకు ఆ అవసరం లేదు.

10 లక్షలు అడగడం వల్ల లాభమూ లేదు. ఏ కమిషన్, ఎంత ఫీజు అన్నది మీరు చెల్లించిన ధర మీదే తేలుతుంది, అడిగిన పరిహారం మీద కాదు. 50 లక్షల ధర వరకు జిల్లా కమిషన్. 5 లక్షల లోపు ధరకి ఫీజే లేదు. 38,500 ఫ్రిజ్‌కి 10 లక్షలు రాస్తే మిగతా కాగితాల్ని కూడా అనుమానంగా చూస్తారు.

అభ్యర్థనని మెట్లు మెట్లుగా రాయండి. మొదట 38,500 వడ్డీతో వాపసు. అది కాకపోతే అదే సామర్థ్యం ఉన్న కొత్త ఫ్రిజ్. అదీ కాకపోతే లీకేజీని మూలం నుంచి ఉచితంగా సరిచేసి, చేసిన పనికి కొత్తగా ఏడాది పూచీ. వీటితో పాటు పాడైన సామాను, తిరుగుళ్లు, మానసిక వేదన, కేసు ఖర్చులు వేర్వేరుగా. ఇలా మెట్లు ఎందుకంటే, 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ లోపమున్న భాగానికే ఉన్నప్పుడు బండి మొత్తం మార్చమనడం సరికాదంది. కంపెనీ వకీలు దాన్ని తప్పకుండా చూపిస్తారు. మీ జవాబు: మార్చడానికి వీల్లేని భాగంలో లోపం ఉంది, మరమ్మతుకి రెండు అవకాశాలిచ్చాం, ఫోమ్‌లోని పైపు తీసి కొత్తది వేయలేమని వాళ్లే అంటున్నారు. అందుకే ఆ 6,800 కొటేషన్‌ని రాతపూర్వకంగా తీసుకోండి. "లీకేజీ బాడీ లోపల" అన్న మాట కంపెనీ కాగితం మీద ఉండటం మీకు వంద వాదనల పెట్టు.

ప్రతివాదులు ముగ్గురు: బిల్లు మీద ఉన్న పూర్తి పేరు, చిరునామాతో షోరూం, వారంటీ కార్డు మీద ఉన్న రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాతో కంపెనీ, సర్వీస్ సెంటర్. ఒక్కరిని వదిలేసినా మిగతా ఇద్దరూ తప్పు వాళ్ల మీదికి నెడతారు. బోర్డు మీద పేరు, బిల్లులో పేరు వేరుగా ఉంటాయి. బిల్లులోదే రాయండి.

కేసుకి ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. తెలుగులో మాట్లాడొచ్చు, 8800001915కి వాట్సాప్ కూడా చేయొచ్చు. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఇస్తారు, ఫిర్యాదు కంపెనీకి పంపుతారు. చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. కానీ వాళ్లకి ఆర్డరు వేసే అధికారం లేదు, అక్కడ ఫిర్యాదు ఉన్నంత మాత్రాన కాలపరిమితి ఆగదు. కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. ఆఖరి నిరాకరణ నుంచి లెక్క పెట్టొచ్చని వాదించవచ్చు గానీ, మీరు మాత్రం ఐదో నెల ఫిర్యాదు తేదీ నుంచే లెక్కేసుకుని దానికి లోపలే వేయండి. అప్పుడు ఆ వాదనే తలెత్తదు.

లీగల్ నోటీసు తప్పనిసరి కాదు, ఇస్తే మంచిది. వకీలు లేకుండా మీరే స్పీడ్ పోస్ట్‌లో ముగ్గురికీ పంపి 15 రోజులు గడువివ్వండి. డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ అప్పుడే ప్రింటు తీసుకోండి, తర్వాత దొరక్కపోవచ్చు.

మీ నివాసం అంబర్‌పేట, అంటే హైదరాబాద్ జిల్లా. ఫిర్యాదుదారు ఉండే చోటే వేయొచ్చని 34వ సెక్షన్ చెబుతుంది కాబట్టి కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీకు పట్టింపు లేదు. హైదరాబాద్ జిల్లా కమిషన్లు నాంపల్లి ఎం.జె. రోడ్డులో చంద్రవిహార్ భవనంలో ఉన్నాయి. ఇంట్లోంచే వినియోగదారుల కేసుల ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా దాఖలు చేయొచ్చు. ఇండెక్స్, తేదీల పట్టిక, ఫిర్యాదు, నోటరీ చేసిన అఫిడవిట్, పేజీ నంబర్లు వేసిన జతకాగితాలు పీడీఎఫ్‌గా పెట్టాలి. తేదీల పట్టిక మీద శ్రద్ధ పెట్టండి. ముందు దాన్నే చూస్తారు. మీది ఆరేడు వరుసలకు మించదు: కొన్న తేదీ, మొదటి ఫిర్యాదు, మొదటి గ్యాస్, రెండో ఫిర్యాదు, రెండో గ్యాస్, మూడో ఫిర్యాదు, కొటేషన్. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, కాల్ రికార్డింగులు పెడితే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయండి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి.

దాఖలైన ఫిర్యాదుని తీసుకోవడమా లేదా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేలాలి. నోటీసు అందాక ప్రతివాదికి జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ ఇష్టం మీద మరో 15. అంతకు మించి లేదు. పరీక్ష అవసరమైతే 38(2)(సి) కింద తగిన ప్రయోగశాలకి పంపమని మీరే దరఖాస్తు పెట్టండి, రిపోర్టుకి 45 రోజుల గడువు ఉంటుంది, ఖర్చు మొదట మీరే కట్టాలి. చట్టంలో తీర్పుకి 3 నెలలు, పరీక్ష ఉంటే 5 నెలలు అని రాసి ఉన్నా అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి. తీర్పుకి ముందే ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు కోసం 38(8) కింద అడగొచ్చు. పిల్లలున్న ఇంట్లో ఫ్రిజ్ అవసరం అందులో రాయండి.

కిరాణా_ఉప్పల్

మా కొట్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌కి కూడా ఇదే సమస్య. బిల్లు కొట్టు పేరు మీద జీఎస్టీ నంబరుతో ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నాం. మాకూ ఇదే దారా?

నాంపల్లి_వకీలు

వ్యాపార అవసరానికి కొన్నారని అభ్యంతరం పెడతారు. సొంతంగా పనిచేసి బతుకుతెరువు కోసం కొన్నదైతే సెక్షన్ 2(7) వివరణ మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది. కొట్టులో మీరే కూర్చుంటారని, అదే మీ జీవనాధారమని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. పెద్ద సూపర్ మార్కెట్‌కి ఇది వర్తించదు. ఆన్‌లైన్ అయితే ఇన్వాయిస్‌లో అమ్మినవారి పేరు చూసి వాళ్లనీ, ప్లాట్‌ఫామ్‌నీ చేర్చండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసరు మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 7 రోజుల రిటర్న్ గడువు అయిపోయిందని వాళ్లన్నా, లోపమున్న సరుకు మీద చట్టం ఇచ్చిన హక్కు పోదు.

సుధ_అంబర్‌పేట

1915లో పెట్టిన తొమ్మిదో రోజు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. 30 శాతం తరుగు తీసి 26,950 వాపసు ఇస్తారట. ఒప్పుకుంటే ముందు ఒక లెటర్ మీద సంతకం పెట్టి ఫ్రిజ్ ఇచ్చేయాలట. ఏం చేయమంటారు?

బిల్లు_భద్రం

తిరస్కరించకండి, బేరమాడండి. తరుగు 30 శాతం ఏ లెక్కన అని అడగండి. కంప్రెసర్‌కి పదేళ్లు మన్నిక అని వాళ్లే రాశారు కదా, ఆ పదేళ్లనే అంటే 120 నెలలనే పట్టుకోండి. 13 నెలల వాడకానికి తరుగు 4,171 అవుతుంది, మీకు 34,329 రావాలి. నిజానికి ఫ్రిజ్ సరిగా నడిచింది మొదటి 5 నెలలే అని లెక్కేస్తే తరుగు 1,604, వాపసు 36,896. ఇది చట్టంలో రాసి ఉన్న సూత్రం కాదు, బేరానికి పనికొచ్చే లెక్క. 36,896 దగ్గర మొదలుపెట్టండి. 34 వేల కిందికి వస్తే మాత్రం కేసు కాగితాలు సిద్ధంగా ఉన్నాయని చెప్పండి.

లెటర్‌లో "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న వాక్యం ఉంటుంది. దాని ముందు "ఈ మొత్తం నా ఖాతాలో జమ అయిన తర్వాత మాత్రమే" అని చేర్చమనండి, ఎన్ని రోజుల్లో జమ చేస్తారో తేదీ వేయించండి. ఫ్రిజ్ తీసుకెళ్లేటప్పుడు సీరియల్ నంబరు, తేదీ, తీసుకెళ్లినవాళ్ల సంతకం ఉన్న రసీదు తీసుకోండి. బిల్లు ఒరిజినల్ అడిగితే జిరాక్స్ ఇవ్వండి.

రాణిగంజ్_కూలింగ్

ఇచ్చే ముందు ఎనక స్టిక్కర్, కంప్రెసర్ మీది నంబరు, గ్యాస్ కొట్టిన పైపు కాడ పెట్టిన కొత్త అతుకులు ఫొటో తీసుకోండి అక్కా. ఎన్నిసార్లు తెరిచిన్రో ఆ అతుకులే చెప్తయి.